అమ్మ నొప్పి – అయిదవ శీలం

(ధమ్మచక్ర ప్రవర్తన దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మేము ఇంతకు ముందు నాలుగైదు పర్యాయాలు ప్రసంగించి ఉన్నాము. ఎర్రగుడి అశోక శాసనాల గురించీ, నాగార్జునకొండ విహారాల గురించీ మాట్లాడాము. చరిత్ర పాఠాలు చెప్పుకొని బతికేవాళ్లం కనుక మాకు అప్పగించే విషయాలు అటువంటివే. ఈ ఏడాది మాత్రం నిర్వాహకుల అనుమతితో మా ఇంటి విషయం మాట్లాడదలిచాము. మా తల్లిగారు రొమ్ము క్యాన్సర్‌తో 14 నెలలు బాధపడి గత ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆమెను సాగనంపడానికి మీలో చాలామంది వచ్చారు. ఆ 14 నెలల్లో ఆమెకు జరిగిన మేలూ, మా చేతుల మీదుగా జరిగిన పొరపాట్లూ మీ ముందు పెట్టడం మా బాధ్యత అనుకున్నాము. ఆ పొరపాట్లలో ఒకటి మనం ధమ్మాన్ని అర్థం చేసుకున్న తీరు నుంచే వచ్చింది.

అమ్మను ఎరగని యువకుల కోసం కొన్ని మాటలు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు ఆమె మా పల్లెలోని రాత్రిబడిలో చేరారు. 35 ఏళ్ల వయసులో, పగలంతా నాట్లలో నడుము వంచి, రాత్రి లాంతరు ముందు పలక పట్టుకున్నారు. మరుసటి ఏడు దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డ వార్త పల్లెపల్లెకూ పాకింది. మా పల్లెలోనూ స్త్రీలు కదిలారు. మా తండ్రిగారు చెడ్డవారు కారు. కానీ ఆయన కూలిలో సగం సారాకే పోయేది. అమ్మా, మరికొందరు స్త్రీలూ కలిసి సారా ప్యాకెట్లను చింపి కాలువలో పారబోసిన పూట మేము గట్టు మీద నిలబడి చూస్తున్నాము. అప్పటికి మాకు 11 ఏళ్లు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 2006లో, బాబాసాహెబ్ నాగపూరులో ధమ్మదీక్ష స్వీకరించి 50 ఏళ్లు నిండిన సంవత్సరం, అమ్మ దీక్షాభూమికి వెళ్లి 22 ప్రతిజ్ఞలు చేశారు. తిరిగి వచ్చాక ఆమె అన్న మాట మాకు ఇంకా గుర్తు. "తక్కినవి కొత్తగా పట్టుకున్నా నాయనా. మందు ముట్టనన్న మాట మాత్రం నాకు పద్నాలుగేండ్ల నుంచీ ఉండేదే."

అయిదవ శీలం మీద అమ్మకు ఉన్న పట్టు అటువంటిది. ఆ పట్టే తరువాత ఆమెకూ మాకూ పెద్ద పరీక్ష అయింది.

రొమ్ములో గడ్డ చేతికి తగిలిన తరువాత దాదాపు ఏడాది పాటు అమ్మ ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు కనుక భయం లేదనుకున్నారు. కొడుకులతో చెప్పుకునే సంగతి కాదనుకున్నారు. కోడలికి చెబితే కొడుకుకు తెలుస్తుందనుకున్నారు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేదన్న ధైర్యంతోనే ఎందరో స్త్రీలు ఆలస్యం చేస్తారు. చివరకు నడుము నొప్పితో మంచం దిగలేని స్థితి వచ్చినప్పుడు మేము ఆమెను హైదరాబాదులోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాము. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. ఎముకల స్కాన్ చేశారు. వ్యాధి అప్పటికే వెన్నెముకకూ తుంటి ఎముకకూ పాకి ఉంది. నాలుగవ దశ అన్నారు. ఈ దశలో వ్యాధిని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు, కొంతకాలం అదుపులో ఉంచవచ్చు. అమ్మకు వచ్చినది హార్మోన్ మందులకు లొంగే రకం కనుక రోజుకొక మాత్రతోనూ, ఎముకలు విరగకుండా కాపాడే సూదిమందుతోనూ చికిత్స మొదలుపెట్టారు.

మా మొదటి పొరపాటు అక్కడే జరిగింది. జబ్బు పేరు అమ్మకు చెప్పవద్దని అక్కా, తమ్ముడూ, మేమూ కూడబలుక్కున్నాము. అవి వాతం నొప్పులనీ, మాత్రలు వాడితే తగ్గిపోతాయనీ ఆమెతో అన్నాము. ఏడు వారాలు ఆ మాట మీదే నిలబడ్డాము. ఒకసారి రైల్లో తిరిగి వస్తూ ఉండగా, ఒంగోలు దాటాక, అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నారు. "ఆ ఆసుపత్రి వాకిట్లో ఇంతింత అక్షరాలతో క్యాన్సర్ అని రాసి పెట్టుండారు గదా నాయనా. రాత్రిబడిలో నేను నేర్చుకునింది ఎందుకు?"

మాకు నోట మాట రాలేదు. ఆమె అక్షరాలు నేర్చుకోవడం చూసి గర్వపడి, ఆ గర్వంతోనే చదువుకొని అధ్యాపకులమైన వాళ్లం, ఆమె చదవగలదన్న సంగతినే మరిచిపోయాము.

ఆ ఏడు వారాల వల్ల ఇంకొక నష్టం జరిగింది. మేము అబద్ధం ఆడుతున్నామని తెలిసిన అమ్మ, మమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేక తానూ అబద్ధం ఆడుతూ వచ్చారు. ఎట్లుందని అడిగితే పర్లేదు అనేవారు. రాత్రిపూట ఆమె పక్కన పడుకునే మా అమ్మాయి ఒకనాటి ఉదయం వచ్చి, నాయనమ్మ నిద్రలో దుప్పటి కొరుకుతున్నదని చెప్పింది. అమ్మ నిద్రపోవడం లేదు. నొప్పికి ఓర్చుకోలేక, అరిస్తే మేము లేస్తామని, దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకుంటున్నారు.

రోగికి సేవ చేయడం ఎప్పుడు సులభమవుతుందో, ఎప్పుడు కష్టమవుతుందో బుద్ధ భగవానుడు వినయపిటకంలోని మహావగ్గంలో వివరించాడు. తన బాధ హెచ్చుతున్నదో తగ్గుతున్నదో ఉన్నది ఉన్నట్లు చెప్పని రోగికి సేవ చేయడం కష్టమని అందులో ఒక అంశం. మా ఇంట్లో రోగిని అటువంటి స్థితికి నెట్టినవాళ్లం మేమే. భగవానుడు తన నొప్పిని దాచుకోలేదు. కపిలవస్తులో శాక్యులు కొత్తగా కట్టిన సభామందిరంలో ధమ్మం చెబుతూ, నడుము నొప్పిగా ఉన్నదని చెప్పి, తక్కిన ఉపదేశం ఆనందుడికి అప్పగించి పడుకున్నాడని మజ్ఝిమ నికాయం చెబుతున్నది. ఈ సంగతి మేము అమ్మకు చెప్పినప్పుడు ఆమె కాసేపు ఊరుకొని, "అయితే చెప్తా విను. నడుములో గునపం పెట్టి తిప్పినట్టుంది" అన్నారు. అది ఆమె మాకు చెప్పిన మొదటి నిజం. ఆ రోజు నుంచి ఒక నోటు పుస్తకంలో పూటపూటకూ నొప్పి సున్న నుంచి పది వరకు ఎంత ఉన్నదో ఆమె చేతనే రాయించాము. మొదటి వారమంతా ఎనిమిది, తొమ్మిది.

నొప్పి కోసం నడుముకు ఒక్క విడత రేడియేషన్ ఇచ్చారు. ఎముకలకు పాకిన క్యాన్సర్ నొప్పికి చాలాసార్లు ఆ ఒక్క విడతే గొప్ప మేలు చేస్తుంది. అమ్మకు రెండు మూడు నెలలు హాయిగా గడిచింది. తరువాత నొప్పి మరొక చోట తలెత్తింది. రొమ్ము మీద గడ్డ చర్మాన్ని చీల్చుకొని పుండయింది. ఆ ఆసుపత్రిలో ఒక వైద్యుడు కాగితాలు చూసి, ఇంక చేయగలిగింది ఏమీ లేదు, ఇంటికి తీసుకువెళ్లండి అన్నారు. ఆయన మీద మాకు కోపం లేదు. కానీ ఆ మాట సరి కాదని తరువాత మాకు తెలిసింది. చేయవలసింది అప్పుడే మొదలయింది.

ఆ రోజుల్లో పలకరించడానికి వచ్చినవాళ్లు కొందరు, ఏ జన్మలో ఏం చేసిందో అని నిట్టూర్చి వెళ్లారు. బయటివాళ్లు అన్నందుకు మేము బాధపడలేదు. మన వాళ్లలోనూ ఒకరిద్దరు అన్నారు. సంయుత్త నికాయంలో మోలియ సీవకుడనే పరివ్రాజకుడు భగవానుణ్ణి ఇదే అడిగాడు. మనిషి అనుభవించే బాధ అంతా పూర్వకర్మ వల్లనే వస్తుందా అని. పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, అజాగ్రత్త, దెబ్బలు మొదలైన కారణాలు చెప్పి, అంతా పూర్వకర్మే అనేవారు అనుభవాన్ని కాదంటున్నారని భగవానుడు తేల్చాడు. బాబాసాహెబ్ అయితే 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో గతజన్మ కర్మ సిద్ధాంతాన్నే నిరాకరించారు. పుట్టుకను పట్టి మనిషిని కిందికి తొక్కిన మాటను వదిలించుకోవడానికే దీక్ష తీసుకున్న మనం, అదే మాటను రోగి మంచం దగ్గరికి మోసుకుపోవడం ఎంత అన్యాయం!

ఉపశమన చికిత్స అనే విభాగం ఒకటి ఉన్నదని ఒక పూర్వ విద్యార్థి చెబితే మాకు తెలిసింది. అక్కడి వైద్యురాలు అమ్మతో అరగంట మాట్లాడి మార్ఫిన్ మాత్రలు రాశారు. అమ్మ ఆ పేరు విన్నారు. అది నల్లమందు నుంచి వస్తుందా అని అడిగారు. అవునన్నారు. అమ్మ మాత్రల పొట్లాన్ని మా చేతిలో పెట్టి, "సారా పారబోసిన చేత్తో మత్తుమందు మింగేదా? నాకొద్దు" అన్నారు. ఇంటికి వచ్చాక అక్క ఏడ్చింది. తమ్ముడు కోప్పడ్డాడు. చదువుకున్న మాకు కూడా, నిజం చెప్పాలంటే, లోపల అదే భయం. అలవాటైపోతుందేమో, మనిషి మగతలోకి పోతుందేమో, ఇది ఇస్తే చివరి ఘడియ దగ్గరకు వచ్చినట్లేనేమో అని. మాత్రలు 19 రోజులు బీరువాలో ఉన్నాయి. అమ్మ నోటు పుస్తకంలో తొమ్మిది అంకె 19 రోజులూ ఉంది.

చరిత్ర చదివినవాళ్లం గనుక మా భయానికి మూలం ఎక్కడున్నదో వెదకడం మా వృత్తి. ఈస్టిండియా కంపెనీ మన రైతుల చేత గసగసాల పంట వేయించి, నల్లమందును చైనాకు చేర్పించి లాభాలు గడించింది. ఆ వ్యాపారం కోసం ఘాజీపూరులో పెట్టిన కర్మాగారం నేటికీ ప్రభుత్వం చేతిలో ఉంది. మత్తు వ్యాపారాన్ని అరికట్టడానికి 1985లో మన పార్లమెంటు కఠినమైన చట్టం చేసింది. ఉద్దేశం మంచిదే. కానీ లైసెన్సుల చిక్కులూ శిక్షల భయమూ కలిసి, వైద్యానికి వాడే మార్ఫిన్ ఏడాదికి సుమారు 700 కిలోల నుంచి 1997 నాటికి 20 కిలోల లోపునకు పడిపోయింది. గసగసాలను చట్టబద్ధంగా పండించే దేశంలో క్యాన్సర్ రోగులు దుప్పట్లు కొరుక్కుంటూ పడుకున్నారు. 1986లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా, గడియారం ప్రకారం, మెట్టు మెట్టుగా మందులు ఇవ్వాలనీ, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ముఖ్యమనీ చెప్పింది. 1993లో కోళికోడులో మొదలైన ఉపశమన చికిత్సా సంఘం కేరళలో ఇంటింటికీ ఈ సేవను చేర్చే దారి వేసింది. ఆ సంఘ స్థాపకులలో ఒకరైన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ల తరబడి పోరాడగా 2014లో చట్టాన్ని సవరించి, వైద్యానికి అత్యవసరమైన ఇటువంటి మందులకు లైసెన్సు పద్ధతిని తేలిక చేశారు. మా బీరువాలోని ఆ చిన్న పొట్లం వెనుక ఇంత పోరాటం ఉంది.

ఇదంతా చెబితే అమ్మ విన్నారు గాని కదలలేదు. చట్టం ఒప్పుకుంటే శీలం ఒప్పుకున్నట్టా అన్నారు. న్యాయమైన ప్రశ్న. జవాబు చట్టంలో లేదని మేము వినయపిటకం తెరిచాము.

మహావగ్గంలో భేసజ్జ ఖంధకం అని ఔషధాల అధ్యాయం ఉంది. పిలిందవచ్ఛుడనే భిక్షువుకు వాతరోగం వచ్చింది. నూనె కాచి ఇవ్వాలనీ, అందులో మద్యం కలపాలనీ వైద్యులు చెప్పారు. భగవానుడు అనుమతించాడు. కొందరు భిక్షువులు మద్యం మరీ ఎక్కువ కలిపి తాగి మత్తెక్కారు. అప్పుడు ఆయన అనుమతిని రద్దు చేయలేదు, హద్దు పెట్టాడు. మద్యం రంగూ వాసనా రుచీ తెలియనంత మాత్రమే కలిపిన నూనె తాగవచ్చునన్నాడు. ఎక్కువ కలిపిన నూనెను పారబోయకుండా ఒంటికి రాసుకోమన్నాడు. ఈ చివరి మాట వినగానే అమ్మ చాలా రోజుల తరువాత నవ్వారు. "ఒంటికి రాసుకోమన్నాడా! వండింది పారెయ్యలేని ఆడదాని బుద్ధి ఆయనది" అన్నారు.

తరువాత ఆమె సూటిగా ఒక ప్రశ్న వేశారు. మత్తెక్కిందో లేదో తేల్చేదెట్లా?

అయిదవ శీలం పాళీలో మద్యాన్ని నిషేధిస్తూ కారణం కూడా చెబుతుంది. అది పమాదానికి తావిస్తుంది. పమాదం అంటే ఏమరుపాటు. అయితే నొప్పి వచ్చినప్పటి నుంచి అమ్మకు ఎరుక ఎంత మిగిలింది? సాయంత్రం త్రిశరణం చెబుతూ సగంలో ఆగిపోతున్నారు. దినపత్రిక తెరవడం మానేశారు. మనుమరాలు పలకరిస్తే విసుక్కుంటున్నారు. ఏమరుపాటు తెస్తున్నది నొప్పే. ఆ సంగతి మేము చెబితే అమ్మే ఒక కొలత పెట్టారు. మాత్ర వేసుకున్నాక పొద్దున్నే పత్రిక చదివి అందులోని సంగతి తప్పు లేకుండా చెప్పగలిగితే అది మందు. చెప్పలేకపోతే అది సారా. ఇంట్లో అందరం ఒప్పుకున్నాము.

మొదటి రెండు రోజులు అమ్మ నిద్రలోనే ఉన్నారు. కాస్త వాంతి కూడా అయింది. మేలుకున్నప్పుడల్లా, చూస్తిరా, మత్తే అనేవారు. మాకు గుండె జారిపోయింది. ఫోను చేస్తే ఉపశమన విభాగం నర్సు, తొలి రెండు మూడు రోజులు మగతగా ఉండడం మామూలేననీ, నెలల తరబడి నిద్ర లేని మనిషి నిద్రపోతున్నదనీ, వాంతికి మాత్ర ఇచ్చి నాలుగో రోజు దాకా ఆగమనీ చెప్పింది. నాలుగో రోజు ఉదయం అమ్మ కళ్లద్దాలు అడిగారు. వాకిట్లో కుర్చీ వేయించుకొని జిల్లా పేజీ అంతా చదివారు. కండలేరు నీటి విడుదల గురించిన వార్త చెప్పి, తేదీ తప్పు వేశారు చూడమన్నారు. చూస్తే నిజంగానే తప్పు. ఆ పూట నోటు పుస్తకంలో మూడు అని రాశారు. ఆ తరువాత చనిపోయే వారం వరకూ పత్రిక మానలేదు.

మీలో ఎవరి ఇంట్లోనైనా ఈ అవసరం రావచ్చు కనుక మేము నేర్చుకున్నవి చెబుతాము. మోతాదు వైద్యులు నిర్ణయించాలి. ఎవరికి వారు పెంచడం, తగ్గించడం, ఉన్నట్టుండి మానేయడం కూడదు. నొప్పి వచ్చాక వేసుకునే మందు కాదిది. మామూలు మార్ఫిన్ మాత్ర పని నాలుగు గంటలు కనుక నొప్పి తిరిగి రాకముందే తరువాతి మాత్ర పడాలి. అమ్మకు ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు గంటలకూ, నడిరాత్రి లేపే పని లేకుండా రాత్రి పది గంటలకు రెండింతలుగానూ రాసి ఇచ్చారు. మధ్యలో నొప్పి పొడుచుకు వస్తే వేసుకోవడానికి అదనపు మోతాదు వేరుగా చెప్పారు. ఈ మందుతో మలబద్ధకం తప్పదు. అందువల్ల విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే వాడాలి. మేము మొదటి వారం దానిని పట్టించుకోక అమ్మను అనవసరంగా బాధపెట్టాము. క్యాన్సర్ నొప్పికి వైద్యుల పర్యవేక్షణలో వాడితే వ్యసనమయ్యే ప్రమాదం తక్కువ. మోతాదు పెంచవలసి వస్తే చాలాసార్లు దానికి కారణం వ్యాధి పెరగడమే. వెన్నెముకకు పాకినవారికి కాళ్లలో పట్టు తప్పినా, మలమూత్రాల మీద అదుపు పోయినా మరునాటి దాకా ఆగరాదు. అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి.

మందు సంపాదించడం తేలిక కాలేదు. మా ఊరి దుకాణాల్లో పేరు చెప్పగానే తల అడ్డంగా ఊపారు. నెలకొకసారి తమ్ముడు రాత్రి రైల్లో హైదరాబాదు వెళ్లి, పగలంతా వరుసలో నిలబడి, మరునాటి ఉదయానికి తెచ్చేవాడు. రోజు కూలీ మీద బతికే కుటుంబానికి ఆ ప్రయాణం సాధ్యమా అని మేము చాలాసార్లు అనుకున్నాము.

ఇక మా రెండవ పొరపాటు. దీనిని చెప్పుకోవడం కష్టంగా ఉంది.

విరేచనాలతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును భగవానుడూ ఆనందుడూ కలిసి స్వయంగా కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టిన కథ మీ అందరికీ తెలుసు. తల్లీ తండ్రీ దగ్గర లేని మీరు ఒకరికొకరు సేవ చేసుకోకపోతే ఎవరు చేస్తారని ఆయన సంఘాన్ని మందలించాడు. రోగికి సేవ చేసేవానికి ఉండవలసిన గుణాలలో మలమూత్రాలకూ వాంతికీ అసహ్యపడకపోవడాన్ని చేర్చాడు. ఈ కథను మేము ఎన్ని సభల్లో చెప్పామో లెక్క లేదు. అమ్మ రొమ్ము పుండు వాసన వేయడం మొదలైనప్పుడు మాత్రం మేము గుమ్మం దగ్గర నిలబడిపోయాము. పుండు కడిగింది అక్క. గుడ్డలు ఉతికింది మా శ్రీమతి. మగవాళ్లం ఫైళ్లు మోశాము, రిపోర్టులు తెచ్చాము, ఫోన్లు చేశాము. కొడుకు తల్లి రొమ్ము చూడరాదన్న సంకోచం పేరుతో తప్పుకున్నాము. ఆ సంకోచం కొంత నిజం, కొంత సాకు.

అక్క కాన్పు పని మీద కూతురి ఊరికి వెళ్లవలసి వచ్చిన వారం మాకు వేరే దారి లేకపోయింది. అనుమతి అడిగితే అమ్మ కళ్లు మూసుకొని తల ఊపారు. ఉప్పు వేసి మరగబెట్టి చల్లార్చిన నీళ్లతో పుండు కడగడం, నర్సు చెప్పినట్లు మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి చల్లడం, అంటుకోని గుడ్డ వేసి కట్టడం నేర్చుకున్నాము. ఆ పొడితో నాలుగైదు రోజుల్లో వాసన బాగా తగ్గింది. మూడో రోజు కట్టు కడుతుండగా అమ్మ కళ్లు తెరిచి, "నీకు రెండేండ్లు నిండే దాకా పాలిచ్చిన చోటు నాయనా ఇది" అన్నారు. ఆ తరువాత మా మధ్య సంకోచం లేకపోయింది. అక్క తిరిగి వచ్చాక కూడా రోజు మార్చి రోజు ఆ పని మేమే చేశాము.

లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ క్యాన్సర్ రోగి నొప్పికి నాలుగు ముఖాలు ఉంటాయన్నది. శరీరానిదీ, మనసుదీ, కుటుంబ సంబంధాలదీ, జీవితానికి అర్థం వెదికే ఆరాటానిదీ. అమ్మ శరీరం నెమ్మదించాక తక్కిన నొప్పులు బయటికి వచ్చాయి. తమ్ముడి అప్పు తీరలేదన్న దిగులు, అక్కకు రాసి ఇస్తానన్న అర ఎకరం సంగతి, తాను భారమయ్యానన్న బాధ. అంగుత్తర నికాయంలో జబ్బుపడిన భర్త నకులపితతో నకులమాత, దిగులుతో ప్రాణం విడవవద్దనీ, నూలు వడికి పిల్లలను సాకుతాననీ, ధమ్మం విడవననీ ఒక్కొక్కటిగా భరోసా ఇస్తుంది. మేమూ అలాగే కూర్చొని ఒక్కొక్క దిగులుకూ జవాబు చెప్పాము. అర ఎకరం అక్క పేర రిజిస్టరు చేసి కాగితాలు ఆమె చేతికి ఇచ్చాము. ఆమె చదివి సరిహద్దులు సరిచూశారు.

మనలో ఒక మాట తరచుగా వినబడుతుంది. దుఃఖం ఆర్యసత్యం కనుక బౌద్ధుడు నొప్పిని ఓర్చుకోవాలని. రెండు బాణాల ఉపమానాన్ని కూడా అందుకు వాడతారు. మొదటి బాణం శరీరానికి తగిలే నొప్పి, రెండవది దానికి మనం చేర్చుకునే మానసిక వ్యథ, జ్ఞాని రెండవ బాణం తగలనివ్వడని. నిజమే. కానీ ఆ ఉపమానం తనకోసం తాను సాధన చేసుకునేవారికి చెప్పినది. పక్కవాడి శరీరంలో దిగిన బాణాన్ని చూస్తూ ఓర్చుకోమని ఉపదేశించడానికి కాదు. విషపు బాణం తగిలినవాడి కథలో భగవానుడు మాలుంక్యపుత్తుడికి చెప్పినదేమిటి? ప్రశ్నలు తరువాత, ముందు బాణం తీయాలి. తీయగలిగిన నొప్పిని తీయకుండా ఓర్పు గురించి చెప్పడం ధమ్మం కాదని మా అమ్మ 19 రోజుల బాధ మాకు నేర్పింది.

ఎర్రగుడిలోనూ ఉన్న రెండవ శిలాశాసనంలో అశోకుడు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించినట్లు, ఔషధ మొక్కలు లేనిచోట తెప్పించి నాటించినట్లు చెప్పుకున్నాడు. నాగార్జునకొండలో 'విగతజ్వరాలయ' అన్న మాట ఉన్న శాసనం దొరికింది. జ్వరపీడితులు కోలుకునే చోటుగా చరిత్రకారులు దానిని భావించారు. ఇవి పాఠంగా చెప్పడం మాకు తేలిక. మన విహారంలో ఏం చేయగలమో ఈ సంఘం ముందు వినయంగా ఉంచుతున్నాము. పౌర్ణమి సమావేశాలలో స్త్రీలు రొమ్ము గడ్డ గురించి బిడియం లేకుండా మాట్లాడుకునే గంట ఒకటి ఉండాలి, నొప్పి లేని గడ్డనూ చూపించుకోవాలని అక్కడ చెప్పాలి. రోగుల ఇళ్లకు వెళ్లే బృందం ఒకటి కావాలి, అందులో సగం మంది మగవాళ్లు ఉండాలి, వాళ్లు పుండు కడగడం నేర్చుకోవాలి. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఎక్కడెక్కడ దొరుకుతుందో ఆ చిరునామాలు విహారం గోడ మీద ఉండాలి, వెళ్లలేనివారి తరఫున వెళ్లి తెచ్చే మనిషి ఉండాలి. ఆ రైలు ఛార్జీలకు అమ్మ పేర కొంత సొమ్ము ఈ రోజు సంఘానికి అందజేశాము. మరొక్కటి. రోగి మంచం దగ్గర ఎవరూ పూర్వజన్మ మాట ఎత్తకూడదు.

చివరి వారం అమ్మ మింగలేకపోయారు. వైద్యురాలి సలహాతో మందును చర్మం కింద సూది ద్వారా ఇవ్వడం మా శ్రీమతి నేర్చుకుంది. చివరి రోజు ఉదయం మా అమ్మాయి పత్రికలో మొదటి పేజీ చదివి వినిపించింది. ఒకచోట ఒత్తు తప్పు పలికితే అమ్మ పెదవులు కదిపి సరిదిద్దారు. సాయంత్రం మేమందరం త్రిశరణం, పంచశీలం చెబుతుండగా ఆమె వింటూ ఉన్నారు. అయిదవ శీలం దగ్గర మా గొంతు ఆగింది. అమ్మ మా చేతి మీద చెయ్యి వేసి నొక్కారు. పూర్తి చేశాము.